మైకు మాస్టారి గది

బడిలో ఆయన్ని లెక్కల మాస్టారని ఎవరూ అనరు. అందరికీ మైకు మాస్టారే. ఆ కట్టడం పాతది. నెత్తిన రేకుల కప్పు, పక్కనే లారీలు తిరిగే రోడ్డు, గదిలో టకటకా కొట్టుకునే ఫ్యాన్లు. వాటన్నిటినీ మించి అరిస్తే తప్ప వెనక బెంచీకి పాఠం చేరదు. అరిచి అరిచి ఆయన గొంతు ఆ స్థాయిలోనే ఖాయమైపోయింది. ఇంట్లో మంచినీళ్లడిగినా పక్కింటివాళ్లు ఉలిక్కిపడేవారు.

ఆయన తరగతిలో మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉంది. ఏమడిగినా పెదవులు కదుపుతుందే గానీ మాట బయటికి రాదు. "మూగనోము పట్టావా తల్లీ?" అని మాస్టారు ఒకసారి అనడంతో పిల్లలు ఆ పేరే పెట్టేశారు. ఆమె వెనకే కూర్చునే కుర్రాణ్ణి అందరూ గంట అనేవారు. ఏ ప్రశ్నకైనా ఖంగుమని జవాబు చెప్పేవాడు. "బుర్రంటే వీడిదిరా!" అని మాస్టారు మురిసిపోయేవారు.

సెలవుల ముందు బడిని బాగుచేయడానికి వచ్చిన ఇంజనీరు ఎవరో కాదు, మాస్టారి మేనకోడలే. కరెంటు వాడకం తగ్గించి, గదులు చల్లబరచడం ఆమె పని.

"కిటికీలకు రెండు పొరల అద్దాలా? అలా బిగించేస్తే పిల్లలు ఉడికిపోరూ?" అని మాస్టారు గయ్యిమన్నారు.

"పక్కనే ఉన్నాను మామయ్యా, రోడ్డవతల కాదు," అంది ఆమె చెవి రుద్దుకుంటూ. "రేకుల కింద వేడి దిగకుండా మందపాటి షీట్లు వేస్తాం. పైన తెల్లరంగు, లోపల చప్పుడు చేయని కొత్త ఫ్యాన్లు. గాలి వచ్చిపోవడానికి గోడలో దారులుంటాయి. ముందు నీ గది ఒక్కటి చేస్తాను. నచ్చకపోతే అప్పుడు తిట్టు."

"తిట్టక ఊరుకుంటానా!"

సెలవులయ్యాక మాస్టారు గదిలో అడుగుపెట్టేసరికి చల్లగా తగిలింది. ఫ్యాను తిరుగుతోందో లేదో తలెత్తి చూసుకోవలసి వచ్చింది. అద్దం అవతల లారీ వెళ్లడం కనబడింది గానీ వినబడలేదు.

"పుస్తకాలు తీయండి!" అన్నారు అలవాటు కొద్దీ. ముందు బెంచీవాళ్లు చెవులు మూసుకున్నారు. గదంతా నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది. గొంతు తగ్గించారు, ఇంకాస్త తగ్గించారు. వెనక బెంచీవాళ్లు వినబడుతోందని తలలూపారు.

బోర్డు మీద కావాలనే ఒక లెక్క తప్పుగా చేసి, "ఎక్కడ తప్పింది?" అని అడిగారు.

"రెండో లైనులో మైనస్ రావాలండీ," అంది ఒక సన్నని గొంతు.

వెంటనే గంట లేచి, "రెండో లైనులో మైనస్ రావాలండీ!" అని ఖంగుమన్నాడు.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టి, "ముందు చెప్పిందెవరు?" అన్నారు.

మూడో బెంచీలో అమ్మాయి లేచి నిలబడింది.

"ఇన్నాళ్లూ నోరు విప్పలేదేమమ్మా?"

"రోజూ చెప్తూనే ఉన్నానండీ. మీకు వినపడేది కాదు."

గంట తల వంచుకున్నాడు. "మీకు వినపడట్లేదని నేనే గట్టిగా చెప్పేవాణ్ణి సార్. మీరు మెచ్చుకుంటుంటే... అసలు సంగతి చెప్పబుద్ధి కాలేదు."

తాను నవ్వులాటకు అన్న మాటను ఆ పిల్ల ఇన్ని నెలలు మోసిందని మాస్టారికి అప్పుడు తెలిసింది. ఆమె బెంచీ దగ్గరికి వెళ్లారు.

"తప్పు నాదమ్మా. ఆ పేరుతో నిన్నిక ఎవరూ పిలవరు. వచ్చి ఈ లెక్క నువ్వే సరిచెయ్యి."

ఆమె బోర్డు దగ్గరికి వెళ్లింది. మాస్టారు గంట పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. ఆమె మెల్లగానే చెప్పింది. అందరికీ వినబడింది.

సాయంత్రం ఆయన మేనకోడల్ని వెతుక్కుంటూ వెళ్లారు. "మిగతా గదులెప్పుడు?"

"మళ్లీ సెలవులు రావాలి. మధ్యలో చేస్తే ఆ తరగతులు ఎక్కడ కూర్చుంటాయి?"

"నా గదిలో. పొద్దున నేను చెప్పుకుంటాను, మధ్యాహ్నం వాళ్లు. పెద్ద మేడమ్‌ని నేను ఒప్పిస్తాను."

బడి నడిపే పెద్ద మేడమ్ ఒప్పుకున్నారు. వారం తిరక్కుండానే పనివాళ్లు నిచ్చెన వేసి, పక్క గదిలో ఫ్యాన్లు దించడం మొదలుపెట్టారు.