ఒగిసో నవ్వితే చాలు

వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలుతో ఒగిసో ముఖం తుడుచుకున్నాడు. నుదురు, చెంపలు, చెవుల వెనక, ఆఖరున మెడ. చర్మం మీద జిడ్డు మెరిస్తే కెమెరా తికమకపడుతుందని ఎవరో ఎప్పుడో అన్నారట, ఏడేళ్లుగా రోజూ అదే వరస. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి బల్ల అంచున ఉంచాడు. కుర్చీలో కూర్చుని మడమలు రెండూ నేల మీది పసుపు గీతకు ఆనించాడు. ఎదురుగా స్టాండు మీద అరచేతిలో పట్టేంత కెమెరా ఉంది. ఇంకా బజారు మొహం చూడని కొత్త మోడల్ అది.

“మామూలుగా ఉండండి, ఒగిసో గారూ,” అంది గాజు గోడ వెనకనుంచి మైకులో మొమోసె. “ఇప్పుడు కొంచెం నవ్వండి. ఇంకాస్త. అంతే, అంతే.”

ఒగిసో నాలుక పై దవడకి నొక్కిపెట్టి, పెదవుల చివర్లు రెండూ పక్కలకి లాగాడు. కెమెరా ఉలకలేదు, పలకలేదు.

గాజు గోడకి ఇవతల వరసగా ఐదుగురం కూర్చున్నాం. మా ముందు తెర మీద ఆయన ముఖం పెద్దదిగా కనిపిస్తుంది. నవ్వితే ‘నవ్వు’ అన్న గడిలో, లేకపోతే ‘కాదు’ అన్న గడిలో టిక్కు పెట్టడం మా పని. ఐదుగురమూ ‘నవ్వు’ అనే పెట్టాం. మనుషులు నవ్వన్నారు, కెమెరా కాదంది, కాబట్టి తప్పు కెమెరాది. మూడు వారాలుగా ఇదే గొడవ.

ఆ కొత్త మోడల్లో లేనిది లేదు. పది మెగాపిక్సెళ్లు, చెయ్యి వణికినా చెదరని బొమ్మ, వెనకవైపంతా తెర, గుంపులో ఒక్కసారే ఎనిమిది ముఖాలు వెతికి పట్టుకునే తెలివి. కానీ కంపెనీ ఆశంతా ఒక్కదాని మీదే. ఎదుటి మనిషి నవ్వితే చాలు, ఎవరూ మీట నొక్కకుండా తనే ఫోటో తీసేసుకుంటుంది. దాని వెనకున్న లెక్కలన్నీ మొమోసె చినాత్సువి. ముప్పై రెండేళ్ల మనిషి, రెండేళ్లుగా ఆ నవ్వు తప్ప ఆవిడకి వేరే లోకం లేదు. అట్టపెట్టెల మీద నవ్వుతున్న పాప బొమ్మ కూడా అచ్చయిపోయింది. ఆ రోజు శుక్రవారం, సాయంత్రం ఐదింటికి ప్రోగ్రాం ఫ్యాక్టరీకి వెళ్లిపోవాలి. పరీక్ష నెగ్గకపోతే నవ్వు తీసేసి మిగతాది పంపిస్తానని మా సెక్షన్ పెద్ద అరుగా తేల్చి చెప్పేశాడు. అదే జరిగితే మొమోసె రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

పరీక్షకు కూర్చునేవాళ్లు పన్నెండు మంది. పదకొండు మందినీ కెమెరా ఎప్పుడో పట్టేసింది. పన్నెండోవాడు ఒగిసో. ఆయన నవ్వు దొరికితే జపానంతా నవ్వినట్టేనని మా విభాగంలో వేళాకోళం. అంత పిసినారి నవ్వు మరి. పై పెదవి ఓ మూల లేచి, ముందు పళ్లు రెండు సగం సగం కనిపించి, చటుక్కున మూసుకుపోయేది. అయినా వేసవిలో తయారైన తొలి నమూనా కూడా దాన్ని పట్టుకుంది. ఇప్పుడెందుకు జారిపోతోందో మొమోసెకి అంతుపట్టలేదు. లెక్క కాస్త సడలిస్తే ఒగిసోని పట్టేది గానీ, ఆవులించేవాణ్ణీ తుమ్మబోయేవాణ్ణీ కూడా పట్టేది. బిగిస్తే ఒగిసో పోయేవాడు.

ఒగిసో టొకుజిది కిసో కొండల్లో చిన్న పల్లె. పద్దెనిమిదో ఏట ఒకాయా పట్నానికొచ్చి ఈ కంపెనీలో చేరాడు. పొట్టి మనిషి, పెద్ద తల, వెడల్పు చెవులు, ముందుకి వంగిపోయిన భుజాలు. ఆ వంపు పనివల్ల వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా బల్ల మీదికి వంగి, పట్టకారుతో షట్టరు రేకులు బిగించాడు. ఫిల్ము కెమెరాలు ఆగిపోయిన ఏడు ఆ బల్లలన్నీ ఎత్తేశారు. ఈయన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తనిఖీకి పంపితే, ఖాళీగా ఉన్నాడు కదా అని ఎవరో ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. అలా కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. సరస్సు దగ్గర రెండు గదుల అద్దె ఇల్లు. నోట్లో నాలుక లేని మనిషి. ఏడేళ్లలో ఆయన ఫోటోలు నలభై వేల పైచిలుకు తీశాం. విడుదల కాని కెమెరాతో తీసిన ఫోటో గేటు దాటకూడదని నియమం, అందుకని ఒక్కటీ ఇంటికి పట్టుకెళ్లలేదు. నవంబరుతో అరవై నిండాయి. ఆ శుక్రవారమే ఆయనకి ఉద్యోగంలో ఆఖరి రోజు.

పొద్దుటి పూట పదకొండు సార్లు నవ్వాడు. పదకొండు సార్లూ కెమెరా మొండికేసింది.

మధ్యాహ్నం అందరూ తినేసి వెళ్లాక, ముక్కు దాకా మాస్కు లాక్కుని క్యాంటీన్‌కి వెళ్లాడు. అక్కడ వడ్డించే కియొనోకి ఆయన ఈడే ఉంటుంది, నోరు మాత్రం పదిమంది పెట్టు. అక్కడ జరిగింది ఆ సాయంత్రం ఆవిడే ఊరంతా చాటింది కాబట్టి మాకు తెలిసింది.

“ఏమయ్యా ఒగిసో, ఈ పూట కూడా ఆ మెత్తటి ఉడోన్ నూడుల్సేనా? ఆఖరి రోజని నీకోసం పంది మాంసం వేయించి ఉంచానయ్యా!”

“ఉడోన్ చాలండీ.”

“చాలుట, చాలు! మూడు వారాలుగా చూస్తున్నా. ఉడోన్, లేకపోతే టోఫూ, లేకపోతే గంజి. ముల్లంగి ఊరగాయ ముట్టుకుంటే ఒట్టు. ఏదీ, ఆ మాస్కు తియ్యి.”

“జలుబు.”

“నా దగ్గరా నీ నాటకాలు? జలుబు చేసినవాడు ఒక్క తుమ్మయినా తుమ్మడూ? తియ్యమంటున్నానా!”

ఒగిసో చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. మాస్కు గడ్డం కిందికి దించి నోరు తెరిచాడు. పైన ముందు పళ్లు రెండూ విరిగిపోయాయి. ఒకటి మొదలంటా పోయింది, రెండోది సగానికి విరిగి మొనదేలి ఉంది.

“ఓరి నాయనో! ఎప్పుడు జరిగిందయ్యా ఇది?”

“పరీక్ష మొదలైన రెండో రోజు, నా వంతు రాకముందే. మొమోసె గారు సోకా ఊరు వెళ్లొస్తూ అందరికీ బియ్యప్పిండి బిళ్లలు తెచ్చారు. కాస్త గట్టివి.”

“అయితే? ఊళ్లో పళ్ల డాక్టరే లేడా?”

“పరీక్ష అయ్యేదాకా ముఖం మార్చకూడదు కదండీ.”

ఆ నియమం నిజమే. కూర్చునేవాళ్లు పరీక్ష పూర్తయ్యేదాకా మీసం పెంచకూడదు, కళ్లజోడు మార్చకూడదు, జుట్టు వేరేగా కత్తిరించుకోకూడదు. పళ్ల సంగతి ఎవరూ రాయలేదు. ఒగిసోయే కలిపేసుకున్నాడు. పళ్లు కట్టించుకుంటే కొత్త ముఖం. పళ్లు పోయాయని చెబితే అప్పటికి అయిన పరీక్షంతా మొదటికి. ఎలా పోయాయని అడిగితే మొమోసె బిళ్లల పేరు చెప్పాలి, ఆ అమ్మాయికి తల తీసేసినట్టవుతుంది. దానికన్నా మూడు వారాలు నోరు మూసుకుని నవ్వితే ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాడు.

“అది నవ్వుటయ్యా? కడుపునొప్పి!” అంది కియొనో. “ఆ పిల్ల ఇవాళ ఇక్కడ ఒక్క ముద్ద ముట్టలేదు, తెలుసా? తన లెక్కే తప్పనుకుని కుళ్లిపోతోంది. వెళ్లి చెప్పు.”

“చెబితే చాలా బాధపడతారు.”

“చెప్పకపోతే పండగ చేసుకుంటోందా?”

ఒగిసో ఉడోన్ సగం వదిలేసి లేచాడు. మెట్ల మలుపులో కిటికీ దగ్గర ఆగాడు. సరస్సు మీద గాలికి నీళ్లు ముడతలు పడుతున్నాయి. ‘మొమోసె గారూ, నా పళ్లు’ అని గొణిగి చూసుకున్నాడు. బాగాలేదు. ‘మొమోసె గారూ, మీ బిళ్లలు’ అన్నాడు. అది మరీ ఘోరంగా ఉంది. ముప్పై ఏళ్లలో ఆయన చేతిలో ఒక్కటే ఒక్క రేకు వంకర పోయింది. అప్పుడు తనే వెళ్లి మేస్త్రీకి చెప్పుకుని, రెండు రోజులు అన్నం తినలేకపోయాడు. ఇది మూడు వారాల తప్పు. చెప్పకుండానే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఇక మా ఐదుగురి సంగతి. ఆయన పెదవులు బిగబట్టుకున్నాడని మాకు కనపడలేదా అంటే, కనపడింది. మొదటి వారమే కనపడింది. పెద్దాయన, ఆఖరి నెల, ఏదో కష్టంలో ఉన్నాడేమో, అడిగితే ఏం బాగుంటుంది? అంత అవస్థపడి నవ్వుతుంటే ఎదురుగా కూర్చుని ‘కాదు’ అని టిక్కు పెట్టడానికి చేతులెలా వస్తాయి? అంతా మొహమాటం. మేం మొహమాటపడి నవ్వన్నాం. కెమెరాకి మొహమాటం తెలియదు, కాదంది. మేమంతా కలిసి దాన్నే తిట్టుకున్నాం. సిగ్గు లేకపోతే సరి!

రెండున్నరకి ఆఖరి విడత మొదలైంది. మొమోసె నాలుగు సార్లు లెక్కలు మార్చి చూసింది. కెమెరా మెదల్లేదు. మూడూ నలభైకి అరుగా వచ్చాడు. గోడ గడియారం చూశాడు, మా కాగితాలు చూశాడు.

“ఇక చాలు, మొమోసె గారూ. తీసేద్దాం.”

“సరేనండీ,” అంది.

తర్వాత గాజు తలుపు తోసుకుని అటువైపు వెళ్లింది. ఒగిసో కుర్చీ ముందు నిలబడి నడుము దాకా వంగింది.

“మూడు వారాలు మిమ్మల్ని ఊరికే కూర్చోబెట్టాను, ఒగిసో గారూ. మీ ఆఖరి రోజు కూడా ఇలా చేశాను. నా చేతకానితనం. క్షమించండి.”

వంగిన మనిషి తల ఎత్తలేదు. ముప్పై రెండేళ్లకే పాపిట్లో నాలుగు తెల్లవెంట్రుకలు. ఒగిసో వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఏడేళ్లలో ఎవరూ చెప్పకుండా ఆ కుర్చీలోంచి లేవనివాడు, లేచి నిలబడ్డాడు.

“తల ఎత్తండి, మొమోసె గారూ. మీ కెమెరాలో ఏ తప్పూ లేదు. నేనే నవ్వడం లేదు.”

నోరు తెరిచి చూపించాడు. మొమోసె లేవబోయినదల్లా సగంలో ఆగి, మెడ చాచి చూసింది.

“ఇవి... ఎప్పుడు పోయాయి? ఎలా?”

“మీరు తెచ్చిన బిళ్లలు కొరికితే.” ఒగిసో బల్ల అంచున తువ్వాలు సర్దాడు. “చాలా రుచిగా ఉన్నాయండీ.”

మొమోసె రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుస్తోందనుకున్నాం. ఉన్నట్టుండి నేల మీద గొంతుక్కూర్చుని, మోకాళ్లు పట్టుకుని, పకపకా నవ్వడం మొదలుపెట్టింది. కళ్లమ్మట నీళ్లు ధారగా కారుతున్నాయి.

“మూడు వారాలు! అమ్మబాబోయ్, మూడు వారాలండీ! నిద్రలో కూడా మీ పెదవులే కొలిచాను!”

“క్షమించండి.”

“మీరెందుకండీ! పళ్లు విరగ్గొట్టింది నేనైతే!”

“అబ్బెబ్బే, కొరికింది నేను.”

ఆవిడ నేల మీంచి, ఈయన నిలబడి, ఒకళ్లకొకళ్లు వంగి వంగి దండాలు పెట్టుకున్నారు. గుండె మీంచి బండ దించినట్టు ఒగిసో భుజాలు కిందికి జారాయి. కుర్చీలో చతికిలపడ్డాడు, ఆయనకీ నవ్వు ఆగలేదు. నోరు బార్లా తెరిచి, కళ్లు ముడతల్లో మాయమైపోయి, చెంపలు చెవుల దాకా లేచి, ఆ పెద్ద తలంతా నవ్వింది. మా విభాగంలో ఎవరమూ ఎన్నడూ చూడని నవ్వు అది.

క్లిక్.

ఎవరూ మీట నొక్కలేదు. ఒగిసో అటు తిరిగి ఆశ్చర్యపోయి చూసి, మళ్లీ నవ్వాడు. క్లిక్.

“హమ్మయ్య!” అన్నాడు అరుగా. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

తర్వాత మూడు వారాలుగా తెర దాచి ఉంచిన ఒగిసో బొమ్మలన్నీ మళ్లీ మా తెర మీద వేయించాడు. “ఈసారి కళ్లతో చూసి పెట్టండి,” అన్నాడు. తల దించుకుని ‘కాదు’, ‘కాదు’, ‘కాదు’ అని పెట్టుకుంటూ పోయాం. మొమోసె తన మొదటి వారం లెక్కలే మళ్లీ ఎక్కించింది. మా టిక్కులూ కెమెరా తీర్పూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. ఐదుకి పది నిమిషాలుండగా ప్రోగ్రాం ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. మొమోసె కుర్చీలో వెనక్కి వాలి, కియొనో పంపిన మాంసం ముక్కలు చేత్తోనే తినేసింది.

ఐదింటికి ఒగిసోకి పూలగుత్తి ఇచ్చాం. “అందరికీ ఇబ్బంది కలిగించాను,” అన్నాడు. ఉపన్యాసమంతా అదే. అరుగా మడత పెట్టని కాగితం ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. పైన మోడల్ నంబరు, కింద ‘ఉత్తీర్ణం’ అన్న ముద్ర, మధ్యలో ఆ నవ్వు.

“ఇది ఫోటో కాదు, ఒగిసో గారూ. పరీక్ష పత్రం. పత్రాలు గేటు దాటొచ్చు.”

కియొనో ఏప్రాన్‌తోనే గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. “సోమవారం పళ్ల డాక్టరు దగ్గరికి పో! లేకపోతే చెవి పట్టుకుని లాక్కెళ్తా!” ఒగిసో మాస్కు తీసి జేబులో పెట్టుకుని, రెండు మూడు సార్లు తల వంచి, పూలూ కాగితమూ పొదివి పట్టుకుని స్టేషన్ వైపు నడిచి వెళ్లిపోయాడు.

సోమవారం ఆయన లాకరు ఖాళీ చేయించే పని నాకు పడింది. చేయించడానికేముంది, అన్నీ ఆయనే తీసేసి తడిగుడ్డతో తుడిచి వెళ్లాడు. తలుపు లోపలివైపు మాత్రం నాణేనికన్నా కాస్త పెద్ద గుండ్రటి అద్దం ఒకటి టేపుతో అంటించి ఉంది. తీయడం మరిచిపోయినట్టున్నాడు. మరీ కిందికి ఉంది. ఆయన పొట్టివాడే గానీ, ఆయన కళ్ల ఎత్తుకి కూడా అది అందదు. మోకాళ్లు వంచి చూశాను. ఆ అద్దంలో నోరొక్కటే పట్టింది.