అడిగినవెన్ని
రాజలింగం చివరి వరుస నుంచి ఒక్కొక్క కంప్యూటరూ వేసుకుంటూ వచ్చాడు. అన్నీ ఒకేసారి వేస్తే పక్కగదిలో బ్యాటరీలు మూలుగుతాయి. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ యూనివర్సిటీ ల్యాబులో అటెండరు. పొట్టి మనిషి. ఎడమ బొటనవేలి మీద టంకం కాలిన నల్లమచ్చ, మినపగింజంత. నడిస్తే చప్పుడుండదు.

ఆ రోజు నెలాఖరు. సాయంత్రానికి రిటైరవుతాడు. సన్మానం వద్దని వైదేహి మేడంతో ముందే చెప్పుకున్నాడు.

"శాలువా కప్పితే ఉక్కపోస్తది మేడం," అన్నాడు. ప్రొఫెసరమ్మ నవ్వి వదిలేసింది.

మూల టేబులు దగ్గర ప్రవళిక అప్పటికే కూర్చుని ఉంది. పీహెచ్‌డీ పిల్ల. ఆమె గీసిన చిప్పు డిజైను సాయంత్రం అయిదింటికల్లా ఫ్యాక్టరీకి పంపాలి. ఏడాదికి ఒక్కసారే తీసుకుంటారు. తప్పుతో వెళ్ళిందంటే ఆరు నెలల తర్వాత వచ్చేది పనిచేయని ఉత్త పెంకు.

"తిన్నవా బిడ్డా?"

"పంపినంక తింట కాకా."

చిప్పు తయారుకాకముందే దాన్ని కంప్యూటర్లో ఉత్తుత్తిగా నడిపిస్తారు. ఒక్కొక్క తీగలో కరెంటు ఎప్పుడు ఎక్కిందో, ఎప్పుడు దిగిందో తెరమీద గీతలుగా పడుతుంది. వేవ్‌ఫామ్ అంటారు. రాజలింగానికది గట్లు తెగిన మడుల్లా కనిపించేది. పదో తరగతి, ఐటీఐ చదువు. గీతలు చూసీ చూసీ ఏది ఎక్కడ తప్పిందో కన్నుకు తెలిసేది కానీ, చెప్పడానికి నోట మాట ఉండేది కాదు. అడిగినవాళ్ళూ లేరు.

రెండేళ్ళ కిందట ప్రవళిక అడిగింది. "కాకా, నువ్వు తెరమీద ఏం చూస్తవ్?"

అతను తెరమీద రెండు గీతల మీద వేలు పెట్టాడు. "ఒకటి ఎక్కినంక రెండోది ఎక్కుతున్నదా, ఎంతసేపటికి ఎక్కుతున్నది, గదే సూస్త."

లక్షల గీతలను మనిషి కన్ను చూడలేదు. వాటిని వెతికేందుకు ఆమె అప్పట్లో ఒక చిన్న కంప్యూటరు భాష తయారుచేస్తోంది. వారం తిరిగేసరికి ఆ మాటలే అందులోకి వచ్చాయి. టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే, మాటలు మాత్రం మనవి. 'అడుగు ఎక్కితే, నాలుగు టిక్కుల లోపల ఇయ్యి ఎక్కాలె.' అంటే, అడిగే తీగ లేచిన కాసేపట్లోనే ఇచ్చే తీగ లేవాలి. తప్పితే కంప్యూటరే పట్టి చూపిస్తుంది. ఆ వాక్యం చదివిన రోజు రాజలింగం లాలాపేట్ ఇంటికి పోయి భార్య స్వరూపతో, "నా మాట మిషన్‌కు తెలుస్తున్నదే," అన్నాడు. ఆమె బియ్యం ఏరడం ఆపి అతని ముఖం చూసింది.

ఈ ఆఖరి రోజు పదకొండున్నరకు ప్రవళిక డిజైను పరీక్ష ఫలితం వచ్చింది. తప్పులు: సున్నా.

వైదేహి మేడం ప్రవళిక భుజం తట్టింది. "పంపేయమ్మా. ఇంకేం చూస్తావు?"

రాజలింగం వెనక నిలబడి తెర చూశాడు. గీతలన్నీ చదునుగా, బుద్ధిగా ఉన్నాయి. మరీ బుద్ధిగా. ఇంత పెద్ద మేడం పంపమన్నాక అటెండరు నోరు విప్పొచ్చా? అదీ ఆఖరి రోజున? జేబులో టెస్టరును రెండుసార్లు తడుముకున్నాడు.

"బిడ్డా, అడిగిందెన్నిసార్లు?"

"ఏంది కాకా?"

"అడుగు తీగ. ఎన్నిసార్లు ఎక్కింది?"

"తప్పులు సున్నా అని వచ్చిందిగా రాజలింగం," అంది మేడం.

"వచ్చింది మేడం. పద్నాలుగో నంబరు టేబులు మీద గూడ ఒక్క కంప్లెయింట్ రాదు. ఫ్యాన్ తిరగదని ఆడ ఎవ్వరు కూసోరు."

ప్రవళిక వేళ్ళు ఆగాయి. 'లెక్కపెట్టు, అడుగు ఎక్కు' అని కొట్టింది. సున్నా. నిన్న వేరే పరీక్ష కోసం అడిగే భాగాన్ని ఆపి, మళ్ళీ తెరవడం మర్చిపోయింది. అడిగేవాళ్ళు లేరు గనక జవాబు ఆలస్యం కాలేదు.

ఆమె ముఖం తెల్లబోయింది. మేడం కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

తెరిచి నడిపితే మూడు తప్పులు బయటపడ్డాయి. ఒకటి తేలికైంది. మిగతా రెండూ మూడు గంటలదాకా సతాయించాయి. నాలుగూ ఇరవైకి తెరమీద పడింది: అడిగినవి ఆరువేల రెండువందల పన్నెండు. తప్పులు సున్నా.

రాజలింగం అడిగినవాటి లెక్కనే చదువుకున్నాడు.

"కాకా, ఇగ ఈ భాషల ఒకటి మారుస్త. ఎవరూ అడగకపోతే సున్నా అనదు. 'ఎవరూ అడగలేదు' అంటది."

"గట్లనే అనాలె. నన్నడిగినవు గద, సాలు బిడ్డా."

ఆమె ఫైలు పంపే పనిలో పడింది. మేడం ఫోనులో ఉంది. అతను రిజిస్టరులో సంతకం చేసి, తాళాలు మేడం ముందు పెట్టి దండం పెట్టాడు. ఆమె ఫోను చెవి నుంచి తీసి లేచి నిలబడింది. అది చాలనిపించింది. చెట్ల కింది రోడ్డు పట్టి తార్నాక వైపు నడిచాడు. ఈ దారి తనకింత అన్నం పెట్టిందనుకున్నాడు. లాలాపేట్ బస్సు వస్తే ఎక్కాడు.

ఫైలు చేరిందని మెయిలు వచ్చాక ప్రవళిక వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. కీబోర్డు పక్కన, అంచు కింద చుక్కలు చుక్కలుగా 'స్వరూప' అని చెక్కిన స్టీలు గ్లాసు. ఈగలు వాలకుండా మీద చిన్న ప్లేటు. కింద చాయ్ ఇంకా వేడిగానే ఉంది.