సాంచ సప్పుడు

కరీంనగర్‌లో ఆ ఫిజియోథెరపీ దవాఖాన మెట్లు మా ఆయన ఎవరి సాయం లేకుండా ఎక్కేస్తుంటే నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. మెట్ల కింద సంచి పట్టుకుని నిలబడి, నలుగురూ చూస్తున్నారన్న సోయి కూడా లేకుండా, "చూసిండ్రా గీయన నాటకం?" అని అరిచాను.

నా నోరు మంచిది కాదని మా ఊరు గర్షకుర్తిలో ఎవరినడిగినా చెబుతారు. కాదనను. కానీ ఆ పూట నాకు కోపం రావడంలో తప్పేముందో మీరే చెప్పండి. ఏడాది నుంచి ఇంట్లో పెరటి గడప దగ్గరకు వచ్చేసరికి ఆయన కాళ్ళు నేలకు అంటుకుపోతున్నాయి. ఆ గడప ఎంతెత్తు? జానెడు కూడా ఉండదు. దాని ముందు పావుగంటసేపు కొయ్యబారిపోయి నిలబడతాడు. మోకాళ్ళు సన్నగా వణుకుతుంటాయి, అడుగు మాత్రం పడదు. గడపకు అవతల మరుగుదొడ్డి, ఇవతల నేను. చెయ్యి పట్టి లాగితే కదలడు, గట్టిగా లాగితే పడతాడు. అట్లా రెండుసార్లు పడ్డాడు, రెండోసారి నుదురు పగిలింది. ఆ రోజు కూడా దవాఖాన గేటు దగ్గర పది నిమిషాలు ఆగిపోయాడు. అట్లాంటి మనిషి ఇరవై మెట్లు గబగబా ఎక్కి, పైనుంచి నా వంక చూస్తూ నిలబడితే కోపం రాదా?

మా ఆయన పేరు వెంకటి. నన్ను కమలవ్వ అంటారు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటాం. ఇంటికి ఆనుకున్న రేకుల షెడ్డులో మాకు నాలుగు సాంచాలుండేవి. ఆయన వాటిని నడిపేవాడు, నేను ఆ పక్కనే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. ముప్పై ఏళ్ళు ఆ చప్పుడులోనే బతికాం. ఉప్పు అయిపోయిందన్నా అరిచే చెప్పుకోవాలి, పిల్లకు జ్వరమన్నా అరిచే చెప్పుకోవాలి. నా చెవులు అక్కడే మొద్దుబారాయి. ఇప్పటికీ ఎవరైనా గట్టిగా చెబితే తప్ప నాకు వినపడదు.

మూడేళ్ళ కింద ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. నరాల డాక్టరు చూసి పార్కిన్సన్ అన్నాడు. అది మెదడుకు వచ్చే జబ్బని, పూర్తిగా పోదని, మందులు వేళ తప్పకుండా వేసుకోవాలని చెప్పాడు. నరాల రోగులకు నడక నేర్పే ఫిజియోథెరపీ వాళ్ళుంటారు, అక్కడికి కూడా వెళ్ళండి అన్నాడు. మందులు తెచ్చుకున్నాం. రెండో మాట నేను చెవిన పెట్టలేదు. పొద్దంతా సాంచాల నడుమ తిరిగే మనిషికి కొత్తగా నడక నేర్పేదేమిటని నవ్వుకున్నాను.

నిజంగానే సాంచాల నడుమ ఆయన బాగా తిరిగేవాడు. నాకు ఎక్కడో కాలేది కూడా అక్కడే. పోగు తెగిందంటే ఈ సాంచ నుంచి ఆ సాంచకు టకటకా నడిచి వెళ్ళేవాడు. అదే మనిషి షెడ్డు దాటి ఇంట్లో అడుగు పెట్టగానే కాళ్ళు రావు. పనికి వచ్చే కాళ్ళు ఇంటికి రావా అని దెప్పిపొడిచేదాన్ని.

ఒకరోజు బీడీలు అప్పజెప్పడానికి వెళ్ళినప్పుడు నాతోపాటు బీడీలు చుట్టే ఐలవ్వ ఒక మాట అంది. ఆ సాంచాల చప్పుడుకే నరాలు దెబ్బతిన్నాయని, నాలుగు నెలలు చప్పుడు లేని చోట ఉంచితే మనిషి మామూలవుతాడని. నాకది వేదవాక్కులా తోచింది. మా వాడలో అప్పటికే అందరి సాంచాలూ ఒక్కొక్కటే బందయ్యాయి, పొద్దూ మాపూ మోగేవి మావే. ఆయన్ను ఆదిలాబాద్‌లో ఉన్న మా బిడ్డ కావ్య దగ్గరకు పంపించాను. బస్సెక్కి వెళ్ళిన వారానికే నాలుగు సాంచాలూ అమ్మేశాను. ఆయనకు చెప్పలేదు, చెబితే ఒప్పుకోడని తెలుసు. ఆయన ప్రాణం కోసమే అమ్మాను, ఒట్టు.

ఆదిలాబాద్‌లో జబ్బు తగ్గకపోగా ముదిరింది. బాపు మంచం దిగి తలుపు దాకా రావడానికే పొద్దుగూకుతోందని కావ్య ఫోనులో ఏడ్చేది. చివరి వారంలో మాత్రం ఒక వింత జరిగింది. మా అల్లుడు పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. ఇంట్లో ఒక్కణ్ణే వదల్లేక ఒకరోజు ఆయన్ను తనతో తీసుకెళ్ళాడట. మిషన్లు నడుస్తుంటే పత్తి కుప్పల పక్కనుంచి మిల్లు ఆ చివరిదాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచాడట. కావ్య సంబరంగా చెప్పింది. నాకు మాత్రం అనుమానం గట్టిపడింది. మనసంతా సాంచాల మీదే ఉంది, ఇంటికి రావడానికే ఈ వేషాలన్నీ అనుకున్నాను. దేవుడా, నిజంగా అట్లాగే అనుకున్నాను.

తిరిగి వచ్చిన రోజు ఖాళీ షెడ్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. సాంచాలు బిగించిన చోట నేలలో బోల్టులు మాత్రం మిగిలాయి. ఆయన మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు, ఏమీ లేదు. అలిగాడనుకున్నాను. అలిగితే అలగనీ, నాకూ పంతముందని ఊరుకున్నాను. ఆ రోజు నుంచి గడప దగ్గర కాళ్ళు ఆగినప్పుడల్లా ఆయన నా వంక చూసేవాడు, పెదవులు కదిలేవి. లోలోపల నన్ను తిట్టుకుంటున్నాడని నేను పైకే తిట్టేదాన్ని.

ఒకరోజు గడప ముందే లుంగీ తడుపుకున్నాడు. ఆ రోజు కొట్టాను, చెంప మీద. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన నా మీద చెయ్యెత్తలేదు, నేను ఎత్తాను. ఆ సంగతి నేనే కావ్యకు ఫోనులో చెప్పి ఏడ్చాను. పిల్ల మర్నాడే బస్సు దిగి, నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా, ఇద్దరినీ కరీంనగర్ తీసుకొచ్చింది.

అట్లా ఆ మెట్ల దగ్గర నేను అరిచిన అరుపు పైనున్న ఫిజియోథెరపీ పిల్ల కూడా వింది. పేరు నవీన, మంథని పిల్ల. నరాల జబ్బుల వాళ్ళను నడిపించడమే ప్రత్యేకంగా చదువుకుందట. ఆయన్ను కూర్చోబెట్టి ఏం పని చేసేవాడో, ఎక్కడెక్కడ కాళ్ళు ఆగుతాయో ఓపిగ్గా అడిగింది. చెవి ఆయన నోటి దగ్గర పెట్టి వింది. ఆ తర్వాత తన గదిలోకి నడిచి రమ్మంది. తలుపు దగ్గర ఆయన మామూలుగానే ఆగిపోయాడు.

నేను ముందుకు ఉరికి చెయ్యి పట్టబోయాను. నవీన వద్దని ఆపింది. తెల్ల ప్లాస్టరు ముక్కలు తెచ్చి అడుగుకొకటి చొప్పున ఆయన ముందు నేల మీద అంటించింది. ఆయన వాటిని చూశాడు. ఒక గీత దాటాడు, ఇంకోటి దాటాడు, తలుపు దాటి లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె గీతలన్నీ పీకేసి, ఫోనులో టిక్కు టిక్కుమనే చప్పుడు గట్టిగా పెట్టింది. దానికి తగ్గట్టు తొడ మీద చేత్తో కొట్టమంది. ఆయన కాసేపు విని, అది నచ్చనట్టు తన వేగంలో తను కొట్టాడు. ఆమె ఫోనును ఆ వేగానికి మార్చింది. వినగానే గుర్తుపట్టాను. అది మా సాంచ సప్పుడే.

ఆ చప్పుడు వింటూ ఆయన లేచి గదంతా నడిచాడు. తలుపు దాటి, వసారా చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చాడు. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. అప్పుడు నవీన నా ఎదురుగా కూర్చుని, నాకు వినపడేట్టు చెప్పింది.

"నాటకం కాదు పెద్దమ్మా. మన నడకకు మెదడు లోపల ఒక దరువు ఏస్తుంటది. పెద్దబాపుకు గది సరిగ్గ పడ్తలేదు. బయట నుంచి దరువు దొరికితే కాలు లేస్తది."

మెట్ల సంగతీ అంతేనట. మెట్టు అంచు కంటికి ఆనుతుంది కాబట్టి మెదడు ఇంకో దారిలో కాలును లేపుతుందట. సాఫు నేల మీద, ఇరుకు తలుపుల దగ్గర ఆ ఆసరా ఉండదు. లాగినా, తొందరపెట్టినా ఇంకా బిగుసుకుపోతారట. ఆ మొహం కూడా అలక కాదు, కండరాలు బిగిసి అట్లా అయిందట. గొంతు కూడా సన్నబడుతుందట, దగ్గరకు వెళ్ళి వినాలట. ఒక్కొక్క మాటా ఆమె నిదానంగానే చెప్పింది. నాకు మాత్రం చెంప మీద ఒక్కొక్క దెబ్బా పడుతున్నట్టుంది.

ఇంట్లో ఎక్కడ బాగా నడిచేవాడని అడిగింది. సాంచాల దగ్గర అన్నాను. మరి అవి ఇప్పుడు నడుస్తున్నాయా అంది. అవి లేవని కావ్యే చెప్పింది, నా వంక చూడకుండా.

నవీన దానికి ఫికరు వద్దు, చప్పుడు దేనితోనైనా చేయవచ్చు అంది. జబ్బు పోదని కూడా దాచకుండా చెప్పింది. కానీ పడకుండా, తన పని తను చేసుకునేట్టు చాలా వరకు నేర్పవచ్చట. వారానికి రెండుసార్లు తీసుకురమ్మంది. కుర్చీలోంచి ఎట్లా లేవాలో, పెద్ద పెద్ద అడుగులు ఎట్లా వేయాలో, మళ్ళేటప్పుడు ఒక్కచోటే తిరగకుండా చుట్టూ ఎట్లా తిరిగి రావాలో ఆయనకు చూపించింది. నాకు కూడా చూపించింది. ఆగిపోతే ఆగనివ్వాలి, నిటారుగా నిలబడనివ్వాలి, బరువు ఒక కాలి మీదికి మార్చుకోనివ్వాలి, ఆ తర్వాతే దరువు. నేను తల ఊపుతూనే ఉన్నాను. నా కళ్ళు మాత్రం ఆయన నుదుటి మీది మచ్చ దగ్గరే ఉన్నాయి.

కావ్య ఆ టిక్కు టిక్కు నా ఫోనులో పెట్టి, ఎక్కడ నొక్కాలో రెండుసార్లు చూపించి, ఆదిలాబాద్ బస్సెక్కింది. మర్నాడు పొద్దున ఆయన మంచం దిగి పెరటి గడప దాకా వచ్చి ఆగిపోయాడు. నేను ఫోను తీశాను. కావ్య నొక్కిన బొమ్మ ఎక్కడికి పోయిందో కనిపించలేదు. ఏదో నొక్కితే ఏదో పాట మోగింది, ఇంకేదో నొక్కితే అదీ ఆగిపోయింది. ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి. నా వంక చూస్తున్నాడు, పెదవులు కదులుతున్నాయి. తిట్టు నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను.

ఆ తలుపు గాలికి కొట్టుకోకుండా నేను కింద ఒక నాడె అడ్డం పెట్టుకునేదాన్ని. సాంచలో అటూ ఇటూ ఉరికే కొయ్య నాడె. సాంచాలు తీసుకుపోయినవాళ్ళు ఒక్కటి మరిచిపోతే, పనికి వస్తుందని తలుపు కింద దోపాను. వంగి దాన్ని తీశాను. దర్వాజ చెక్క మీద టక్కు టక్కున కొట్టాను. మొదట ఎక్కువ వేగం పోయాను. కళ్ళు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళు విన్న చప్పుడు, చెవులకు కాకపోయినా చేతికి గుర్తుంది. నా దెబ్బ సాంచ వేగానికి వచ్చేసరికి ఆయన కాలు లేచింది. గడప దాటాడు. పెరట్లోకి వెళ్ళి, తన పని చేసుకుని, అదే చప్పుడుకు తిరిగి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన పెదవులు మళ్ళీ కదిలాయి. నవీన చెప్పింది గుర్తొచ్చి, ఎన్నడూ లేనిది చెవి తీసుకెళ్ళి ఆయన నోటికి ఆనించాను. గాలి లాంటి గొంతు.

"మిల్లు కాడనే నాకెరుకైంది, సప్పుడుంటే కాలొస్తదని. అచ్చిన దినం సంది గదే చెప్తున్న కమలా. గడప కాడ జర సప్పుడు జెయ్యవే అని. నీకు ఇనబడలే."

తిట్టడం కాదు. ఇన్ని నెలలూ ఆ మనిషి గడప ముందు నిలబడి నన్ను అడుగుతున్నాడు. నేను అక్కడే, రెండడుగుల దూరంలో, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

"నేను కొట్టిన దినం గూడ గదే అన్నవా?"

ఆయన తల ఊపాడు. కాసేపటికి మంచం పట్టె పట్టుకుని, నవీన నేర్పినట్టు ముందుకు వంగి లేచి, మళ్ళీ గడప దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. పెరట్లో ఎండ వచ్చింది, కూర్చుంటాడేమో. నేను నాడె తీసుకుని కొట్టడం మొదలుపెట్టాను. కళ్ళ నీళ్ళలో దర్వాజ కనబడక ఒక దెబ్బ తప్పిపోయింది. ఆయన లేపిన కాలు దించి, నా కోసం ఆగాడు. నేను కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి కొట్టాను.