ఎడమ కన్ను, కుడి భుజం

ఆర్విల్ టాంగెన్ బ్లేడును ఇంకో అంగుళం దించి, రోడ్డు చదును చేసే గ్రేడరును ముందుకు పోనిచ్చాడు. పొద్దున ఏడు కూడా కాలేదు, అప్పుడే అద్దాల నిండా దుమ్ము. బ్లేడు కింద కంకర గరగరమంటూ ఓ పక్కకు దొర్లుతోంది. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. వారం తిరక్కుండా గోధుమ లారీలూ పశువుల లారీలూ దాన్ని మళ్లీ గతుకులు చేసిపెడతాయి. ఇరవై తొమ్మిదేళ్లుగా అతని ఉద్యోగం ఇదే. రోడ్డు బాగుంటే ఎవరూ ఏమీ అనరు. బాగాలేకపోతే మాత్రం కౌంటీ ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు.

మనిషి పొడగరి. అరవై ఒకటో ఏడు. తల ఎప్పుడూ కాస్త కుడివైపుకు తిప్పి ఉంచుతాడు, ఎందుకంటే కుడికన్ను లేదు. ముప్పై నాలుగో ఏట బ్లేడు బోల్టును సుత్తితో కొడుతుంటే ఉక్కు పెచ్చు లేచి అందులో దిగింది. ఎడమచేతికి చూపుడువేలూ మధ్యవేలూ లేవు. అవి అంతకు చాలాముందే, పదిహేడో ఏట, గడ్డి కట్టలు కట్టే యంత్రంలో పోయాయి. ఊళ్లో అతనితో మాట్లాడేవాళ్లు ఆ మొహంలోకి చూడలేక అతని చొక్కా బొత్తాలతో మాట్లాడతారు. అతనికీ అది అలవాటైపోయింది.

ఇలాంటి మనిషి తుపాకి పట్టాలంటే ఓ చిక్కుంది. మీట నొక్కాల్సింది కుడిచెయ్యి, గురి చూడాల్సింది ఎడమకన్ను. దేవుడు ఆ రెంటినీ ఒకే పక్కన మిగల్చలేదు. తుపాకి వెనక కర్రను, అంటే మడమను, కుడిభుజానికి ఆనించి, తలను దాని మీదుగా అవతలికి వంచి, మెడ విరిగేలా చూస్తే గాని దుర్భిణిలో ఏమీ కనపడదు. పదకొండేళ్ల కిందట అలా చూసే ఓ జింకను కాల్చాడు. గుండు పొట్టలో తగిలింది. రెండు రోజులు నెత్తుటి చుక్కల వెంట తిరిగాడు, జింక దొరకలేదు. ఇంటికొచ్చి, నాన్న నుంచి వచ్చిన ఆ తుపాకిని మంచం కిందకు తోసేశాడు. తిన్నగా కనపడేదాకా మళ్లీ దేన్నీ కాల్చనని భార్య లావాన్‌తో చెప్పాడు.

అయినా కొండపొట్టేలు వేట అనుమతి చీటీకి మాత్రం ఏటా అర్జీ పెడుతూనే వచ్చాడు. మోంటానాలో ఆ చీటీ లాటరీలో రావాలి, చాలామందికి చచ్చేదాకా రాదు. ముప్పై ఒక్క అర్జీల తర్వాత ఈ జూన్‌లో ఆర్విల్‌కు వచ్చింది. సెప్టెంబరు పదిహేనున వేట మొదలు. ఈ ఏడు వాడుకోకపోతే చీటీ చెల్లదు. మళ్లీ ముప్పై ఏళ్లు ఆగుదామంటే అతని దగ్గర అన్ని ఏళ్లు లేవు.

కుడిభుజం మీదుండి ఎడమకంటికి అందే తుపాకి ఏ కొట్లోనూ దొరకదు. మనిషిని కొలిచి, ఆ కొలతకు మడమ కర్రను వంపుగా చెక్కించుకోవాలి. అలాంటి పనివాణ్ని ఎంచుకోవడంలోనే ఆర్విల్ బోల్తాపడ్డాడు. టౌన్లో ట్రెంట్ వీలాండ్ దుకాణానికి వెళ్లి గోడను చూసి మోసపోయాడు. గోడ నిండా తుపాకులు కాల్చి చూసిన గురికాగితాలు, ఒక్కోదానిలో మూడేసి గుండు రంధ్రాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ. "వంపు మడమా? మనకదో పనా! రెండు వారాలు" అన్నాడు ట్రెంట్. ఆర్విల్ మరేం అడక్కుండా నాన్న తుపాకిని తీసి అతని చేతిలో పెట్టాడు. జూలైలో ఫోన్ చేస్తే రెండు వారాలు. నెలాఖరుకు చేస్తే రెండు వారాలు. ఇవాళ ఆగస్టు పదమూడు.

మధ్యాహ్నం గ్రేడరు ఆపి, రొట్టె తింటూ మళ్లీ ఫోన్ చేశాడు.

"ఆఁ పెద్దాయనా! మీ పని మీదే ఉన్నా. ఇంకో రెండు వారాలు."

ఆర్విల్‌కు ఒళ్లు మండింది. మిగిలిన రొట్టెను కాగితంలో చుట్టేసి, ఆఫీసుకు ఫోన్ చేసి పూట సెలవు అడిగాడు. అతను సెలవు అడగడం ఎంత అరుదంటే అవతలివాడు "ఎవరన్నా పోయారా?" అని కంగారుపడ్డాడు.

దుకాణంలో ట్రెంట్ లేచి నిలబడి చెయ్యి చాచాడు. కాఫీ తెస్తానన్నాడు. ఆర్విల్ అతన్ని దాటుకుని వెనకగదిలోకి నడిచాడు. మూలన నాన్న తుపాకి ఇచ్చింది ఇచ్చినట్టే గోడకు ఆనించి ఉంది. పక్కన ఓ వాల్‌నట్ చెక్క, దాని మీద సుద్దతో 'టాంగెన్' అని రాసి ఉంది. ఉలి తగిలిన గుర్తు ఒక్కటి లేదు. ఆర్విల్ చెక్కను వేలితో రాశాడు. రోజంతా దుమ్ములో బతికేవాడికి దుమ్ము వయసు తెలుస్తుంది. ఇది రెండు నెలల దుమ్ము.

"మొదలే పెట్టలేదు నువ్వు."

"అయ్యో, మొదలెడితే ఎంతసేపు పెద్దాయనా? మంచి పని కదా, టైము పడుతుంది. రెండు వా..."

"ఆ మాట ఇంకోసారి అనకు."

"మీరు మరీనూ."

"చేతకాదని జూన్‌లోనే ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది? నేను ఇంకో మనిషిని వెతుక్కునేవాణ్ని కదా."

ట్రెంట్ మొహం మాడ్చుకున్నాడు. "చేతకాదనేవాడే కావాలంటే ఎమిల్ బొహాచ్ దగ్గరికి వెళ్లండి. అరవై మైళ్లు, రైలు కట్ట పక్కన పాత ధాన్యం గిడ్డంగి. ఆ ముసలాడి నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే."

ఆర్విల్ తుపాకిని చంకన పెట్టుకుని బయటికొచ్చాడు. ట్రెంట్ వెటకారంగానే అన్నాడు గాని, పికప్‌లో కూర్చున్నాక ఆర్విల్‌కు ఆ మాటే పట్టుకుంది. బండిని ఇంటివైపు కాకుండా రైలు కట్టవైపు తిప్పాడు.

గిడ్డంగిలో కర్రపొట్టు వాసన. ఎమిల్ బొహాచ్ డెబ్బై దాటిన పొట్టి మనిషి, మీసాల నిండా కర్రపొడి. గోడల మీద ఉలులూ ఓ పాత క్యాలెండరూ తప్ప ఏమీ లేవు. ఒకసారి గోడను చూసి మోసపోయాడు కాబట్టి ఆర్విల్ ఈసారి నిలదీశాడు.

"నీ గురికాగితాలేవి?"

ఎమిల్ ఓ సొరుగు లాగి చూపించాడు. కట్టలు కట్టలు. ఒక్కోదాని మీద ఎవరి తుపాకో పేరూ తేదీ రాసి ఉన్నాయి. బాగున్నవాటి మధ్యే ఏడ్చినట్టున్నవీ ఉన్నాయి. ఒకదానిలో రంధ్రాలు ఊరికొకటిగా పడ్డాయి.

"ఇదేంటి?"

"నా తప్పు. కర్ర పూర్తిగా ఆరకముందే చెక్కేశా. వర్షంలో ఉబ్బింది. మళ్లీ చేసిచ్చాను."

"దీన్ని దాచుకోవడమెందుకు?"

"పారేస్తే మర్చిపోతా కదా" అన్నాడు ఎమిల్. ఆర్విల్ కొండపొట్టేలు వేట సంగతి చెప్పగానే, కొలతలు తీయడానికి తుపాకి ఆకారంలో ఉన్న ఓ కర్రబొమ్మ తెచ్చాడు. దాని నిండా కీళ్లూ మరలూ. "కొండమీద ఎన్ని కోట్లేసుకుంటావు?"

"రెండు."

"అయితే వేసుకో. మేకుకున్నాయి చూడు."

ఆగస్టు ఎండలో రెండు ఉన్నికోట్లు! ఆర్విల్‌కు చిరాకేసింది, ఆ కోట్లు పొట్టివాడివి కావడంతో ఇంకా చిరాకేసింది. అయినా తొడుక్కున్నాడు.

"కళ్లు మూసుకో. భుజానికెత్తు. ఇప్పుడు తెరువు."

తెరిచేసరికి ఎమిల్ సరిగ్గా ఎదురుగా నిలబడి, ఆర్విల్ ఎడమకంట్లోకి సూటిగా చూస్తున్నాడు. కాసేపు కుడిపక్కన ఉన్న ఖాళీ గుంటలోకీ అలాగే చూశాడు. జాలిపడలేదు, చూపు తిప్పుకోనూలేదు. ఏదో గొణుక్కుని ఓ మర బిగించాడు. "మళ్లీ." ఇంకో మర వదులు చేశాడు. "మళ్లీ." చెమట ఆర్విల్ వీపు మీదుగా కారుతోంది. ఏడోసారి కళ్లు తెరిచినప్పుడు మెడ తిన్నగా ఉంది. ఎదురుగా గురిలో, నట్టనడుమ, ఎమిల్ ముక్కు ఉంది. ఇరవై ఏడేళ్లలో మెడ వంచకుండా గురి చూడటం ఇదే మొదలు.

ఎమిల్ కొలతలు రాసుకుని పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. "నాలుగు నెలలు."

"పదిహేనో తారీఖున వేట. సెప్టెంబరు."

"అయితే కాదు."

ఆర్విల్ కోట్లు విప్పి కింద పడేశాడు. అతను ఎవరి వస్తువూ అలా పడేసే మనిషి కాదు. బయటికెళ్లి పికప్ ఎక్కి స్టీరింగును అరచేత్తో ఒకటి మోదాడు. అబద్ధాలవాడేమో రెండు వారాలంటాడు, నిజం చెప్పేవాడేమో డిసెంబరంటాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఆగి చివరికి ఈ ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాడు. ఏడుపొచ్చింది. ఏడవడం చేతకాక తాళం తిప్పాడు.

ఎమిల్ కిటికీ దగ్గరికొచ్చి అద్దం మీద తట్టాడు. "అందంగా కావాలా, సరిగ్గా కావాలా?"

"సరిగ్గా."

"పొరలు అతికించిన కర్ర ఒకటుంది, బాగా ఎండింది. నగిషీ ఉండదు, మెరుగుండదు. ఒక్క పూత నూనె. చూడ్డానికి కాలిపోయిన బల్లలా ఉంటుంది."

"ఎప్పటికి?"

ముసలాయన వేళ్లు ముడిచి చాలాసేపు లెక్క వేసుకున్నాడు. "పధ్నాలుగు. మధ్యాహ్నం పన్నెండు. నేనే తెస్తా. నీ భుజం మీద చూసుకోకుండా ఇవ్వను."

ఇంటికొచ్చేసరికి లావాన్ బంగాళాదుంపలు ఒలుస్తోంది. "ఈయనైనా చేస్తాడా?" అంది.

"కాదన్నాడు."

"మరి తుపాకేది?"

"కాదన్నాడనే ఇచ్చొచ్చా" అన్నాడు ఆర్విల్, చేతులు కడుక్కుంటూ.

తర్వాత నాలుగు వారాలూ అతను రోడ్లు చదును చేసుకుంటూ పోయాడు. ఒక్కసారి కూడా ఎమిల్‌కు ఫోన్ చేయలేదు. చేద్దామని రెండుసార్లు ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడని లావాన్‌కు తెలుసు. సెప్టెంబరు పది, గురువారం, పది గంటలప్పుడు, పాల క్యాన్లతో పోతున్న ఓ రైతుకు రోడ్డు వారగా ఆగి ఉన్న గ్రేడరు కనిపించింది. బ్లేడు పైకెత్తి ఉంది. బ్రేకు వేసి ఉంది. ఇంజను ఆపి ఉంది. ఆర్విల్ సీట్లో కూర్చునే ఉన్నాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఆదివారం చర్చిలో చాలామంది వచ్చి రోడ్ల గురించి రెండు మంచి ముక్కలు చెప్పి వెళ్లారు.

సోమవారం, పధ్నాలుగో తారీఖు, మధ్యాహ్నం లావాన్ వంటింట్లో ఎవరెవరో తెచ్చిపెట్టిన గిన్నెలు కడుగుతుంటే తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఓ పొట్టి ముసలాయన, చేతిలో దుప్పటి చుట్టిన పొడుగాటి వస్తువు. గోడ గడియారం పన్నెండు చూపిస్తోంది.

"ఆర్విల్ ఉన్నాడా? ఎమిల్‌ని."

లావాన్ చెప్పింది. రెండే మాటల్లో చెప్పింది. ఎమిల్ టోపీ తీసి, దుప్పటిని పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

నాలుగు రోజులుగా రాని కోపం ఆవిడకు అప్పుడొచ్చింది. "రెండు వారాలు, రెండు వారాలని వాడు తిప్పుతుంటే నా మొగుడు ఎండాకాలమంతా ఏడ్చాడు. చెప్పిన రోజున, చెప్పిన గంటకు వచ్చింది మీరొక్కరే. ఇవాళే రావాలా మీరు? ఇంకో వారం ముందు చచ్చినా కుదర్లేదా?"

ఎమిల్ నేల చూపులు చూశాడు. "ఎనిమిదో తారీఖుకే అయిపోయిందమ్మా. పధ్నాలుగన్నాను కదాని, నూనె ఇంకా ఆరనీ అని ఉంచాను."

ఆ మాట చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ముసలాయనకు చెప్పకుండా ఉండే అలవాటు లేదు. లావాన్ అతని వంక చూస్తూ కుర్చీలో కూలబడింది. తిట్టడానికి ఆవిడకు ఇంకేమీ మిగల్లేదు.

ఎమిల్ బల్ల మీద పెట్టిన దుప్పటిని ఆవిడే విప్పింది. తుపాకి నల్లగా, మొరటుగా, మడమ దగ్గర కుడిపక్కకు వంగిపోయి ఉంది. ఎత్తి భుజానికి పెట్టుకుంది. దుర్భిణి కుడికంటికి బెత్తెడు దూరంలో ఎక్కడో ఉండిపోయింది.

"అది వేరే ఎవరికీ పనికిరాదు" అన్నాడు ఎమిల్. "కుడికన్ను మూసుకోండి."

మూసుకుంది. దుర్భిణి నేరుగా ఎడమకంటి ముందుకొచ్చింది. కిటికీలోంచి పెరడు, కంచె, దాని అవతల కంకర రోడ్డు, రోడ్డుకవతల కొండ అంచు మీద ఒక్కో బండా విడివిడిగా కనిపించాయి. మెడ ఎక్కడా వంచక్కర్లేదు. ఆవిడ చాలాసేపు అలాగే చూసింది. ఎమిల్ టోపీ పెట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆవిడ దాన్ని వంటింటి కిటికీ పక్కన గోడకు ఆనించింది. ఆ వంపుతో అది తిన్నగా నిలవలేదు. రెండుసార్లు సర్దినా మళ్లీ కుడిపక్కకే ఒరిగి, అలాగే ఆగింది.