చిన్నమేస్త్రి దొంగవాంతులు

ఆ ఊళ్ళో కొట్ల మీద బోర్డులన్నీ దాదాపు ఇద్దరన్నదమ్ములు రాసినవే. అక్షరం పెద్దమేస్త్రిది, రంగు చిన్నమేస్త్రిది అనేవారు జనం. ఇరవై రెండేళ్ళు ఒకే నిచ్చెన మీద పనిచేశారు. ఒకరోజు మందుల షాపు బోర్డు రాస్తుండగా పెద్దాయన చేతిలో గీత కాస్త ఒరిగింది. "కళ్ళు కనబడకపోతే దిగిపో అన్నయ్యా, నేను రాస్తాలే" అన్నాడు చిన్నమేస్త్రి, కింద నలుగురూ వింటుండగా. పెద్దాయన దిగాడు. బ్రష్షు కడిగి, గుడ్డతో తుడిచి, నిచ్చెన మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళు తమ్ముడి గడప తొక్కలేదు. తమ్ముడూ వెళ్ళి పిలవలేదు. తప్పు తనదని తెలిసినకొద్దీ కాలు ముందుకు పడేది కాదు.

అలాంటి రోజుల్లో చిన్నమేస్త్రి లివర్‌లో గడ్డ కనబడింది.

పెద్దాసుపత్రి డాక్టరు కొత్త వైద్యం ఒకటి ఉందన్నాడు. తొడ మొదట్లోంచి సన్నటి గొట్టం పంపి క్యాన్సర్ మందును నేరుగా లివర్‌లోకే పోస్తారట. అయినా సగానికి పైగా మందు గడ్డకు పట్టకుండా రక్తంలో కలిసి గుండెకూ, ఒళ్ళంతటికీ పోతుంది. జుట్టు రాలడం, వాంతులు, నీరసం అన్నీ దాని పుణ్యమే. ఆ మిగులు మందును లివర్ దాటగానే పట్టుకోవడానికి అక్కడి రక్తనాళంలో ఒక వడపోత పరికరం పెట్టి, పని అయ్యాక తీసేస్తారు. ఇంకా పరీక్షల్లోనే ఉంది. ఇతను నాలుగోవాడు.

పరికరం తయారుచేసిన ఇంజనీరమ్మ దాన్ని తెచ్చి చూపించింది. వేలెడంత లేదు. చిన్న గొడుగులా విచ్చుకుంది.

"టీ వడపోసినట్టా అమ్మా?" అన్నాడు చిన్నమేస్త్రి.

"టీ పొడి కంటికి కనబడుతుంది కదండీ. ఇది నీళ్ళలో కలిసిపోయిన రంగును మాత్రం పట్టుకుని, నీళ్ళను వదిలేసినట్టు."

రంగు పని చేసేవాడు కాబట్టి అదెంత కష్టమో అతనికి వెంటనే అర్థమైంది. సంతకం పెట్టాడు.

మొదటి విడత అయ్యి ఇంటికొచ్చిన రోజు రెండుసార్లు నిజంగానే వాంతయింది. ఆ సాయంత్రమే చేతిసంచితో పెద్దమేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. చిన్నమేస్త్రి భార్య కబురు పెట్టిందట. పాత మాట ఎత్తలేదు. బకెట్టు అందుకుని మంచం పక్కన కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున చిన్నమేస్త్రికి మెలకువ వచ్చేసరికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. నొప్పి లేదు, వికారం లేదు. ఆ పిల్ల చేసిన గొడుగు పనిచేసిందన్నమాట. కేకేసి భార్యకు చెబుదామని లేచాడు. అన్న అప్పటికే చొక్కా వేసుకుని సంచి సర్దుకుంటున్నాడు.

"ముఖం తేటగా ఉందిరా. గండం గడిచినట్టే. ఇక నేను వెళ్తాను."

చిన్నమేస్త్రి చెయ్యి దానంతటదే నోటికి వెళ్ళింది. బకెట్టు మీదకు వంగి, గొంతులోంచి ఒక శబ్దం తీశాడు. పెద్దాయన సంచి కిందపెట్టి వచ్చి వీపు నిమిరాడు.

అలా మొదలైంది. వద్దనుకుంటూనే మర్నాడూ చేశాడు. నోట్లో నీళ్ళు పోసుకుని, దుప్పటి కప్పుకుని, కాసేపాగి బకెట్లోకి వదిలేవాడు. అన్న దాన్ని తీసుకెళ్ళి కడిగి, బోర్లించి తెచ్చేవాడు. గిన్నెలో జావ రెండు చెంచాలు మింగి ఇక చాలనేవాడు చిన్నమేస్త్రి. ఆ తర్వాత బాత్రూంలో గడియ పెట్టుకుని, లుంగీలో దాచుకున్న ఉడకబెట్టిన గుడ్లు ఒలుచుకుని తినేవాడు. బయట అన్న "పడిపోయావట్రా?" అని అడిగితే నోటినిండా గుడ్డుతో మూలిగేవాడు. మూలుగు మాత్రం భేషుగ్గా ఉండేది.

ఆసుపత్రివాళ్ళు ఒక పుస్తకం ఇచ్చారు. ఏ రోజు ఎన్ని వాంతులు, ఎంత తిన్నాడు, ఎంత నీరసం, అన్నీ రాయాలి. ఆ పుస్తకం మంచం పక్కన స్టూలు మీదే ఉండేది. భార్య చదివేది, అన్న కళ్ళజోడు సవరించుకుని చదివేవాడు. అందుకని అబద్ధం నోటితో ఆగలేదు. 'వాంతులు మూడు, తిండి సయించలేదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. రాస్తుంటే చెవులు వేడెక్కేవి. అయినా అన్న పక్కన కూర్చుని పాత సంగతులు చెబుతుంటే, ఈ ఒక్కరోజుకే అనుకునేవాడు. కొన్నాళ్ళకు అన్న ఇంటికి వెళ్ళినా, రెండో విడత అయ్యాక మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే తంతు.

ఆ తర్వాత రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు ఆసుపత్రి బెంచీ మీద ఒక పెద్దావిడ పలకరించింది. లెక్కల టీచరుగా చేసి రిటైరైందట, లైబ్రరీ వెనక వీధిలో ఒక్కతే ఉంటుందట.

"నా గుండె బలహీనం బాబూ. మామూలుగా అయితే ఈ మందు నాకు ఇవ్వరు. ఆ వడపోత పెడితేనే ఇస్తామన్నారు. డాక్టర్లు బాగుంటుందనే అంటారు. చేయించుకున్నవాళ్ళు ఏమంటారో విందామని."

చిన్నమేస్త్రి నోరు తెరిచాడు. పక్కన అన్న ఉన్నాడు, ఒళ్ళో బకెట్టు పెట్టుకుని.

"మందు కాదండీ, విషం" అన్నాడు. "ప్రాణం తోడేస్తుంది."

మాట బాగా కుదిరిందని లోపలెక్కడో చిన్న గర్వం కూడా కలిగింది. ఆ తర్వాత చాలాకాలం అతన్ని పీక్కుతిన్నది ఆ గర్వమే.

"నిజం చెప్పారు, సంతోషం" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మూడో విడతకు ముందు డాక్టరు అందరినీ గదిలోకి పిలిచాడు. ముందు చిన్నమేస్త్రి పుస్తకం ఉంది. పక్కన ఇంజనీరమ్మ. మనిషి సగమైపోయింది.

"మందు సగానికి తగ్గిద్దామనుకుంటున్నాం" అన్నాడు డాక్టరు. "గడ్డ మీద ప్రభావం తగ్గుతుంది. కానీ మీరింత బాధపడుతుంటే వేరే దారి లేదు."

ఇంజనీరమ్మ కాగితాలు తిప్పింది. "రెండుసార్లూ పరికరాన్ని కడిగి కొలిచాను. మిగులు మందులో నూటికి అరవై పాళ్ళు పట్టింది. మీ రక్తం కూడా అదే చెబుతోంది. అయినా పరికరం పెట్టనివాళ్ళ కన్నా మీకే వాంతులు ఎక్కువ. మందును పట్టుకోవడానికి గొడుగు మీద నేను వేసిన పూతే ఊడి మీ రక్తంలో కలుస్తోందేమో. పది రోజులుగా ల్యాబులో అదే వెతుకుతున్నాను, దొరకడం లేదు." కాగితాలు మూసింది. "మిమ్మల్ని నేనే ఇబ్బంది పెట్టుంటే క్షమించండి. కొత్తవాళ్ళకు పెట్టే పని మొత్తం ఆపించాం. తర్వాత చేయించుకోవాల్సిన టీచరుగారు కూడా పేరు తీసేయించుకున్నారు."

చిన్నమేస్త్రి తన పుస్తకం వైపు చూశాడు. కుర్చీ అంచు పట్టుకున్నాడు.

"నాకు వాంతులు కాలేదండి."

డాక్టరు పుస్తకంలోంచి తలెత్తాడు.

"మొదటిరోజువి రెండూ నిజం. మిగతావి నేను చేసినవి."

"అంటే, వేలు పెట్టుకునా?" అన్నాడు డాక్టరు.

"లేదండి. ఉత్త శబ్దమే."

తలుపు దగ్గర నర్సు దగ్గినట్టు చేసి ముఖం తిప్పుకుంది. ఎందుకని అడిగాడు డాక్టరు. చిన్నమేస్త్రి నేల చూస్తూ చెప్పాడు: "బాగుంటే మా అన్నయ్య వెళ్ళిపోతాడని."

ఇంజనీరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఆమె కొత్త కాగితం తీసి, పుస్తకంలో తారీకులు వరసగా చదివింది.

"పదహారో తారీకు, మూడు అని ఉంది."

"సున్నా అమ్మా."

"తిండి?"

అతనికంటే ముందు భార్య అందుకుంది. "ఆ రోజు గుడ్లు తిన్నాడండీ. బాత్రూం కిటికీ అవతల పెంకులు దొరికాయి. పిల్లి పనేమో అనుకున్నాను." ఆమె మొగుడివైపు చూడనైనా చూడలేదు.

ముప్ఫై ఒక్క రోజులకు ముప్ఫై ఒక్కసార్లు జవాబు చెప్పాడు. చివర్లో ఇంజనీరమ్మ కలం మూసింది. "మందు తగ్గించక్కర్లేదు, అది మీకు మంచిదే. కానీ మీ పుస్తకం ఇక లెక్కలోకి రాదండీ. మొదట రాసిందీ, ఇప్పుడు చెప్పిందీ, రెండూ పక్కన పెట్టేస్తారు." అని ఆగి, "పూత బాగానే ఉందన్నమాట" అంది మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

వరండాలోకి వచ్చాక పెద్దమేస్త్రి మొదటిసారి నోరు విప్పాడు.

"నేను కడిగిన బకెట్లో ఏముండేదిరా?"

"పుక్కిలించిన నీళ్ళు."

"నీళ్ళు" అన్నాడు పెద్దాయన. చేతిలోని బకెట్టు వైపు చూశాడు. "ఉండు అన్నయ్యా అని రెండే మాటలు. వాటికి నీకు నోరు రాలేదు. ఇన్ని వాంతులకు మాత్రం వచ్చింది."

బకెట్టు తమ్ముడి చేతికిచ్చి, వెనక్కి తిరక్కుండా బస్టాండువైపు నడిచాడు.

చిన్నమేస్త్రి మర్నాడు లైబ్రరీ వెనక వీధికి వెళ్ళాడు. సంగతి డాక్టరు ఎలాగూ ఫోన్లో చెబుతానన్నాడు. అయినా తన నోటితో అన్న మాటను తన నోటితోనే తీసుకోవాలనిపించింది. టీచరమ్మ తలుపు తీసి, కూర్చోమనకుండానే అంతా విన్నది. విన్నాక పరీక్ష పెట్టినట్టు అడిగింది.

"రెండో విడత తర్వాత మూడో రోజు ఏం తిన్నారు?"

"రొట్టె. గుడ్లు."

"ఎన్ని?"

"రెండు." ఆగి, "నాలుగండి."

"జుట్టు?"

తల వంచి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది.

"అబద్ధాలు నాకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్ళు క్లాసులో విన్నాను" అంది. "డాక్టరు చెప్పింది లెక్క. మీరు చెప్పింది ఏడుపు. లెక్కల టీచర్ని అయ్యుండి ఏడుపే నమ్మాను. మీ సంగతి మీరు చూసుకోండి, నా సిగ్గు నాకుంది." తలుపు మెల్లగా వేసేసింది.

ఆవిడ మళ్ళీ పేరు ఇచ్చింది గానీ, ఆగిపోయిన పని మొదలయ్యేసరికి ఏడు వారాలు గడిచిపోయాయి. ఈలోగా గడ్డ కాస్త పెరిగింది. వైద్యం చేశారు, గుండె తట్టుకుంది, ఆవిడ నడిచి ఇంటికెళ్ళింది. ఆ ఏడు వారాల్లో పెరిగిన గడ్డ వల్ల ముందుముందు ఏమవుతుందో డాక్టరు కూడా చెప్పలేనన్నాడు. తర్వాత ఎప్పుడైనా ఆసుపత్రిలో ఎదురుపడితే ఆవిడ తల ఊపేది. చిన్నమేస్త్రి గోడవారగా నిలబడి దారి ఇచ్చేవాడు.

అతనికి మూడో విడత పూర్తి మందుతోనే జరిగింది. వారం తిరక్కుండానే లేచి తిరిగాడు. అన్న రాలేదు. భార్యను అడిగితే చెప్పింది: "ఈసారి నేను కబురు పెట్టను. మీ కాళ్ళు బాగానే ఉన్నాయి కదా."

ఆదివారం మధ్యాహ్నం అన్న ఇంటికి నడిచి వెళ్ళాడు. పెద్దమేస్త్రి వాకిట్లో కూర్చుని రేకు మీద ఏదో ఇంటి నంబరు రాస్తున్నాడు, ముఖం రేకుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని. తలెత్తలేదు.

"ఒంట్లో బాగానే ఉంది అన్నయ్యా. ఊరికే వచ్చాను."

పెద్దాయన అంకె పూర్తి చేశాడు. ఇంకో అంకె మొదలుపెట్టాడు. చిన్నమేస్త్రి ఎండలో అలాగే నిలబడ్డాడు. లోపల్నుంచి కూర వాసన వస్తోంది.

"ఆకలేస్తోందా?" అన్నాడు అన్న, తల తిప్పకుండానే.

చిన్నమేస్త్రి ముఖం ఎర్రబడింది. చెప్పులు విప్పి వాకిలి పక్కన పెట్టాడు.

"వేస్తోంది" అన్నాడు.