అన్నా అంటే బూడిద రంగు

మా ఆయన ఉపేంద్రకి ఆఫీసులో పని ప్రోగ్రాములు రాయడం, ఇంట్లో పని వాటి గురించి చెప్పడం. రెండో దానికి జీతం లేదు కానీ ఎక్కువ శ్రద్ధ దాని మీదే.

రెండు వేల సంవత్సరం అది. కంప్యూటర్ ముందు కూర్చోవడం వచ్చిన ప్రతి తెలుగువాణ్ణీ ఎవరో ఒకరు విమానం ఎక్కిస్తున్న రోజులు. సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాట్‌కి ఫోను లైను మీద ఇంటర్నెట్ వచ్చింది. దానితోపాటు నాలుగు ఈమెయిల్ ఖాతాలూ వచ్చాయి. ఆఫీసుది ఒకటి, ఆయన సొంతానికి ఒకటి, తెలుగు సంఘానికి సహాయ కార్యదర్శి కాబట్టి ఆ హోదాకి ఒకటి, నాకు ఒకటి. నాలుగింటి మెయిళ్ళూ ఒకేచోట పడేలా చేశారు. నాది నేను చూసుకుంటానన్నాను. "నీకెందుకు సరయూ శ్రమ? అన్నీ ఒకచోటుంటే వెతుక్కునే పనుండదు కదా," అన్నారు. మర్చిపోతానేమోనని నా పాస్‌వర్డ్ కూడా ఆయనే పెట్టి, ఆయనే గుర్తుపెట్టుకున్నారు.

ఒక ఆదివారం కాఫీ కూడా చల్లార్చుకుని, వచ్చే మెయిళ్ళకి రంగులేసే రూల్స్ రాశారు. బాస్ నుంచి వస్తే ఎరుపు. బాస్‌కి బాస్ నుంచి వస్తే ముదురు ఎరుపు. క్లయింటుకి నారింజ, సంఘానికి ఆకుపచ్చ. నావి ఏ రంగు అని అడిగాను.

"నీకేం వస్తాయి?" అన్నారు.

వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగారు. అందుకే ఒళ్ళు మండింది. నావి నల్లగానే వదిలేశారు. ఏ రూలూ వర్తించకపోతే నలుపట.

అప్పటినుంచి ఆయన మెయిళ్ళు చదవడం తగ్గించి రంగులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కంచం ముందు కూర్చుని "ఇవాళ ఎరుపులు ఎక్కువయ్యాయి" అని నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పు నిండా గర్వమే. తిండికొట్లుండే హాకర్ సెంటర్‌లో స్నేహితులకి చెబితే వాళ్ళు వరసపెట్టి ఇంటికొచ్చి చూశారు. వాళ్ళకి టీలు నేను పెట్టాను. అనంతరామయ్య గారికి ఒక సందేహం వచ్చింది. "మా బాస్ ఆడమనిషి కదండీ, గులాబీ పెట్టొచ్చా?"

"రంగు పదవికండీ, మనిషికి కాదు," అన్నారు మా ఆయన. అనంతరామయ్య గారు ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

అసలు చిక్కు తమ్ముళ్ళతో వచ్చింది. ఆయన చదివిన కాలేజీ కుర్రాళ్ళందరికీ ఆయన చిరునామా దొరికింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళు. "అన్నా, రెజ్యూమే పంపా, కొంచెం చూడన్నా, నీ చేతిలో పనే కదన్నా." మొదట్లో ఆయన పొంగిపోయారు. ఆ తర్వాత బెంబేలెత్తారు. "మా అమ్మకి నేనొక్కణ్ణే అనుకున్నాను, పూటకో తమ్ముడు పుట్టుకొస్తున్నాడు!" అని మరో రూలు రాశారు. మెయిల్లో ఎక్కడైనా ఏ, ఎన్, ఎన్, ఏ వరసగా కనబడితే అది బూడిద రంగులోకి మారి, చదివేసినట్టు గుర్తు తగిలించుకుని, 'తర్వాత' అనే ఫోల్డర్లోకి పోవాలి. నాలుగు ఖాతాలకీ అదే రూలు. మర్నాడే సంఘం వాళ్ళ అన్నదానం మెయిల్ కూడా అందులో పడింది. చందా అడుగుతూ రాసిందది. "రూలు మనకంటే తెలివైంది," అని మురిసిపోయారు.

ఆ రోజుల్లోనే నేను ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. కాకినాడలో కంప్యూటర్ పాఠాలు చెప్పినదాన్ని. ఇది టెస్టర్ ఉద్యోగం. ఒకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి పట్టుకోవాలి. పెళ్ళయ్యాక నాకు ఆ పనిలో బోలెడు అనుభవం వచ్చింది. పైగా ఆఫీసు మా స్టేషన్‌కి దగ్గరే. ఆ ఉద్యోగం నాకు కావాలి, చాలా కావాలి. పొద్దున ఆయన ట్రైన్ ఎక్కాక మళ్ళీ సాయంత్రం దాకా నా పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేని ఇల్లు అది.

రోజూ మెయిల్ చూసేదాన్ని. నా పేరున నల్ల అక్షరం ఒక్కటీ లేదు. లిఫ్టులో పై అంతస్తు రాజమ్మ ఆంటీ కనబడేది. తాతల కాలంలో విశాఖపట్నం నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం వాళ్ళది; వాళ్ళ తెలుగులో ఇక్కడి మలయ్, తమిళ మాటలు కలిసిపోయాయి.

"ఏమ్మా, మకాన్ అయిందా, తిన్నావా? పని సంగతి ఏమన్నారు?"

"ఏమీ రాలేదు ఆంటీ."

"సుమ్మా, ఊరికే కూర్చుంటే ఎట్లా? ఫోన్ వేసి అడుగు లా!"

పిలవని చోటికి ఫోనేమిటని ఊరుకున్నాను. నేను ఈ ఊరికి పనికిరానేమో అనిపించింది. ఒక మధ్యాహ్నం వంటింట్లో నిలబడి ఏడ్చాను కూడా.

ఒక శనివారం పొద్దున ఫోను మోగింది. ఆయన తీసి, రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టారు.

"సరయూ, నీకే. ఎవరో అన్నా అంట. ఆడగొంతు!"

"ఎవరి అన్న?"

"అదే అడిగాను. నవ్వుతోంది."

అందుకున్నాను. "నేను అన్నా గో," అంది అవతల చైనా గొంతు, ఇంగ్లీషులో. నేను దరఖాస్తు పెట్టిన కంపెనీలో మేనేజర్ అట. "ఇంటర్వ్యూకి రమ్మని మూడు మెయిళ్ళు పెట్టాను. వద్దనుకుంటే వద్దని చెప్పాలి లా. ఆ ఉద్యోగం నిన్న ఇంకొకరికి ఇచ్చేశాం. ఆరు నెలల కాంట్రాక్టు పని ఒకటుంది, జీతం తక్కువ. మధ్యాహ్నం దాకా ఉంటాను, రాగలవా?"

వస్తానని ఫోను పెట్టి వెనక్కి తిరిగాను. ఆయన అప్పటికే 'తర్వాత' తెరిచారు. తమ్ముళ్ళ మధ్య బూడిద రంగులో మూడు మెయిళ్ళున్నాయి, అన్నా గో, అన్నా గో, అన్నా గో. మూడూ చదివేసినట్టే గుర్తు.

"రూలు కరెక్టే సరయూ. ఆవిడ పేరే..."

"ఆవిడ పేరుకేమైంది? మార్చుకోమని చెప్పనా?"

"అది కాదు. అన్నా పక్కన గో ఉంటే వదిలేయమని ఇప్పుడే రాసేస్తా, రెండు నిమిషాలు..."

నేను సర్టిఫికెట్లు తీసుకుని చెప్పులేసుకున్నాను.

అన్నా గో చిన్న మనిషి, కళ్ళజోడు మాత్రం పెద్దది. జవాబెందుకు ఇవ్వలేదని అడిగింది. సర్వర్ పోయిందని చెప్పొచ్చు. ఆ అబద్ధానికి ఎవరూ సాక్ష్యం అడగరు. కానీ నాకెందుకో నిజమే చెప్పాలనిపించింది. మా భాషలో అన్నా అంటే అన్నయ్య అనీ, తమ్ముళ్ళని వదిలించుకోవడానికి మా ఆయన రూలు రాశారనీ చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. ఆ తర్వాత మామూలుగా అడిగింది.

"నీ మెయిల్ ఆయన సర్దుతాడు సరే. ఆయనది నువ్వు సర్దుతావా?"

సిగ్గేసింది, ఆయన్ని తలచుకుని కాదు, నన్ను తలచుకునే.

ఏవో ప్రశ్నలడిగింది. ఒక ప్రోగ్రాము ఇచ్చి తప్పులు పట్టమంది. పట్టాను. చూసి తలూపింది. "ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెప్పు. సరేనంటే వీసా సంగతి మేం చూసుకుంటాం," అంది.

మా ఆయన్ని అడిగి చెప్తాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆలోచించుకున్నాను. సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాను.

ఇంటికొచ్చేసరికి ఆయన ఉత్సాహంగా ఉన్నారు. లోకంలో అన్నా కలిసే ఆడవాళ్ళ పేర్లన్నీ వెతికి మినహాయింపులు రాశారట. హన్నా, జొయన్నా, సుసన్నా. "ఇక ఒక్కరు కూడా తప్పిపోరు!" అని, అప్పుడు గుర్తొచ్చి, "ఇంతకీ ఏమైంది?" అన్నారు.

"ఇచ్చారు. సంతకం పెట్టేశాను."

"నన్నడక్కుండానా?"

"అడిగితే ఏమనేవారు?"

మా ఆయన అబద్ధమాడరు. అదొక్కటీ ఒప్పుకోవాలి. కుర్చీలో వెనక్కి వాలి నిజాయితీగా ఆలోచించారు.

"చూద్దాంలే అనేవాణ్ణి," అన్నారు.

"అందుకే," అన్నాను.