వినపడని మనిషికి కుర్చీ ఎందుకు?

"నీకెందుకోయ్ కుర్చీ? నీకెలాగూ వినపడదుగా."

అప్పుడు నేను భోజనాల బల్ల తుడుస్తున్నాను. మా ఆయన దాని మీద గీతల కాగితం పరిచి, నా తడిగుడ్డ ఎటు వస్తే అటు దాన్ని ఎత్తిపట్టుకుంటూ, కొత్త హోమ్ థియేటర్ గురించి చెబుతున్నారు. ఇది తెర, ఇవి స్పీకర్లు, ఇవి వెనక్కి వాలే కుర్చీలు. నాలుగు. ఆయనకొకటి, అత్తయ్యకొకటి, పదిహేనేళ్ళ మా వాడికొకటి. నాలుగోది ఎవరికని అడిగాను. "ఎవరైనా వస్తేనో?" అన్నారు. ఇంకా రాని మనిషికి, ఎవరో కూడా తెలియని మనిషికి కుర్చీ ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో తిరుగుతున్న మనిషికి లేదు. మరి నాకో అంటే, పై మాట. కోపంగా అన్లేదు, వెక్కిరింతా లేదు. రేపు ఆదివారం అన్నంత మామూలుగా అన్నారు. అందుకే ఎక్కడో తగిలింది.

నేను చెవిటిదాన్నన్నది మా ఇంట్లో స్థిరపడిపోయిన సంగతి. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. "ఏమే, వినపడుతోందా?" అని హాల్లోంచి ఆయన. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అని అత్తయ్య. "అమ్మకి కింద అక్షరాలు పడాల్సిందే" అని మా వాడు. అందరూ నవ్వితే నేనూ నవ్వాను, బుద్ధిలేక. పెద్దతనంలో మా అమ్మకి చెవులు పోయాయి. "అదే వచ్చింది నీకు, వంశం" అని తేల్చేశారు. పరీక్ష చేయించుకుంటానంటే "తెలిసినదానికి పరీక్షేంటి?" అన్నారు. నేనూ నమ్మాను. ఎందుకు నమ్మావని నన్నడగకండి. ఒక మాట రోజుకి పదిసార్లు మీ చెవిలో పోసి చూడండి, మీరూ నమ్ముతారు.

నాదేమో ఫోను ఉద్యోగం. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు రాసుకుంటాను. ఏ వీధిలో పైపు పగిలింది, ఏ మేడ మీదికి నీళ్ళెక్కడం లేదు, పదిహేడేళ్ళుగా అదే వినడం, అదే రాయడం. ఇంట్లో ఈ మాట ముదిరాక ఆఫీసులోనూ భయం పట్టుకుంది. శుభ్రంగా విన్నదాన్నే "మళ్ళీ చెప్పండి" అనేదాన్ని. రాసుకున్నాక ఇంకోసారి అడిగేదాన్ని. పక్క బల్ల గుమాస్తా "మేడమ్‌కి ఫోను చాలదు, మైకు తెప్పించాలి" అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పుకోవడం నా తెలివితక్కువ. "చూశావా, ఇన్నాళ్ళూ ఊహించుకుని నెట్టుకొస్తున్నావ్" అన్నారు మా ఆయన. ఆ వారమే నా రాజీనామా లేఖ ఆయనే టైపు చేసి తెచ్చారు. 'వినికిడి లోపం వల్ల' అని కారణం కూడా రాసేశారు. "వాళ్ళు పొమ్మనేలోపు గౌరవంగా నువ్వే తప్పుకో. అమ్మకీ తోడుంటావ్." వచ్చే సోమవారం సంతకం చేసి ఇస్తానని ఒప్పుకున్నాను. ఒప్పుకున్న పూట స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆ బల్ల ఏమీ సింహాసనం కాదు. కానీ ఆ బల్ల దగ్గర జనం నాతో మాట్లాడతారు, నేను జవాబు చెబుతాను, పని జరుగుతుంది. ఇంకెక్కడుంది నాకది?

ఈలోగా థియేటర్ పని నెత్తిన పడింది. ఆ గదిని 'ఖాళీ గది' అంటారు మా ఇంట్లో. ఖాళీ అట! ఇస్త్రీ బల్ల, ఉతికిన బట్టల గుట్ట, వానల్లో ఆరేసే తాళ్ళు, దుప్పట్ల మూటలు, మా వాడి పాత పుస్తకాలు, కుట్టుమిషను. నా చాకిరీ అంతా ఉన్న గది వాళ్ళ కంటికి ఖాళీగా కనపడింది. మూడు సాయంత్రాలు నేనే మోశాను. ఇస్త్రీ బల్ల వంటింటి మూలకి చేరింది, దుప్పట్లు మంచాల కిందికి. స్పీకర్లు బిగించే శనివారం ఇంట్లో ఎవరుండాలన్న ప్రశ్నే రాలేదు. "నా సెలవెందుకు పాడుచేసుకోవడం? నీదెలాగూ పోయే ఉద్యోగమేగా" అన్నారు. దుమ్ము పడదని అత్తయ్య వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళారు, మా వాడు ఆటకి పోయాడు. నేనూ, గోడలూ మిగిలాం.

వచ్చిన టెక్నీషియన్ ఆడమనిషి. నా ఈడే ఉంటుంది. నడుముకి పనిముట్ల సంచి, భుజాన నిచ్చెన. ఆవిడ మొదటి రంధ్రం పెడుతుండగా మా ఆయన ఫోను చేశారు.

"వచ్చాడా అతను?"

"వచ్చారండీ, పని మొదలుపెట్టారు."

"ఒకసారి అతనికివ్వు."

ఆవిడ నిచ్చెన మీదనుంచే అరిచింది. "అతను రాలేదు సార్, ఆమె వచ్చింది! గోడకి తేడా తెలీదు లెండి!"

ఎన్నాళ్ళకో పగలబడి నవ్వాను.

మధ్యాహ్నం దాటేసరికి తెర ఎక్కింది, స్పీకర్లు గోడలకెక్కాయి, కుర్చీలు వరసలో కుదిరాయి, నేను మేడమ్ నుంచి అక్కనయ్యాను. "ఇక అసలు పని అక్కా. ఫ్యానాపు, ఫ్రిజ్ ఆపు, వచ్చి మధ్యలో ఏదో ఒక కుర్చీలో కూర్చో. అడుగున ఏనుగులా మొదలై పైకి దోమలా అయ్యేదాకా ఒక శబ్దం వేస్తాను. గదిలో ఎక్కడ ఏది గలగలమన్నా వేలు చూపించు. మంచి స్పీకర్లు పెడితే ఇంట్లో వదులుగా ఉన్నవన్నీ బయటపడతాయ్. అవి ఇప్పుడే పట్టుకోకపోతే స్పీకరే చెడ్డదని మీ సారు నన్ను తిడతారు."

"నాకు సరిగ్గా వినపడదమ్మా."

"వినపడినంతే చెప్పు. నాకున్నవి రెండు చెవులు, గదికి నాలుగు మూలలు."

శబ్దం మొదలైంది. ముందు కుర్చీ చేతుల్లోకి వచ్చింది, ఆ తర్వాత పక్కటెముకల్లోకి. మెల్లగా పైకెక్కుతోంది. కిటికీ దగ్గర టిక్ టిక్‌మంది. చూపించాను. ఆవిడ గొళ్ళెం పట్టుకుంటే ఆగింది. ఇంకాస్త పైకి పోయాక అటక తలుపు. అదీ చూపించాను. ఆ తర్వాత నెత్తిమీద, పైకప్పు పలక వెనక, చీమ గీరుతున్నంత చిన్నగా ఏదో. వేలు పైకెత్తాను.

"అక్కడేం లేదక్కా."

"ఉందమ్మా."

మళ్ళీ వేసింది. తల అడ్డంగా ఊపింది. ఊహించుకోవడం అంటే ఇదే కాబోలు, ఆయన చెప్పింది నిజమే అనుకున్నాను. ఆవిడ మాత్రం నిచ్చెనెక్కి, పలక అంచంతా తడిమి, ఒక స్క్రూని రెండు వేళ్ళతో తిప్పి చూపించింది. వదులుగా తిరిగింది.

"పద్నాలుగేళ్ళుగా ఇదే పని. నాకే వినపడలా. నీకు చెవుడని ఏ మహానుభావుడు చెప్పాడక్కా?"

"ఇంట్లోవాళ్ళు. పిలిస్తే పలకనట."

"ఎక్కణ్ణుంచి పిలుస్తారు?"

"హాల్లోంచి."

"అప్పుడు నువ్వెక్కడుంటావ్?"

ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. నా జవాబు కోసం ఆగకుండా ఆవిడ వంటింట్లోకి నడిచింది. చిమ్నీ వేసింది, గిన్నెల తొట్టి మీద కుళాయి తిప్పింది, పొయ్యి వైపు తిరిగి నిలబడింది. "పో, మీ ఆయన కూర్చునే చోట కూర్చుని, ఆయన పిలిచినట్టే పిలువు."

సోఫాలో కూర్చున్నాను. కాలు మీద కాలు కూడా వేసుకున్నాను. "ఏమే, వినపడుతోందా?" అన్నాను. ఆవిడ తిరగలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. తిరగలేదు. "చెవిటి మాలోకమా!" అన్నాను మూడోసారి. జడ కూడా కదల్లేదు. పద్నాలుగేళ్ళు శబ్దం మీద బతికిన మనిషి, నా పొయ్యి ముందు మూడు నిమిషాలు నిలబడి, నాలాగే చెవిటిదైపోయింది.

"పిలిచావా?" అంది బయటికొచ్చి.

"మూడుసార్లు."

"నేను డాక్టర్ని కాను. వెళ్ళి పరీక్ష చేయించుకో. కానీ పందెం కాస్తావా?"

సోమవారం ఆఫీసుకంటే ముందు చెవుల ఆసుపత్రికి పోయాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డబ్బాలు బిగించి, వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. నొక్కుతూనే ఉన్నాను. డాక్టరమ్మ కాగితం చూసి, "ఈ వయసుకి చాలా మంచి చెవులు. అసలెందుకొచ్చారు?" అంది. ఏం చెప్పను? ఊరికేనండీ అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఎవరో తాళాల గుత్తి జారవిడిచారు, విన్నాను. బస్సు బ్రేకు కీచుమంది, విన్నాను. పై అంతస్తులో పసిపిల్ల ఏడుపు, దాని వెనక తల్లి జోకొట్టే చప్పుడు కూడా విన్నాను. ఒంట్లోంచి ఏదో పెద్ద బండరాయి దిగిపోయినట్టుంది. సగం ఏడుపు, సగం నవ్వు. దారినపోయే పెద్దాయన ఆగి "ఏమ్మా, బాగానే ఉన్నావా?" అన్నాడు. బాగానే ఉన్నానండీ, అదే సంగతి, ఇన్నాళ్ళూ బాగానే ఉన్నానట అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ "మంచిది" అని వెళ్ళిపోయాడు. ఆఫీసుకి పోయి ముప్ఫై ఒక్క ఫిర్యాదులు రాశాను. ఒక్కరిని కూడా మళ్ళీ చెప్పమనలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముగ్గురూ థియేటర్ గదిలో ఉన్నారు. నాలుగో కుర్చీలో మా ఆయన ఆఫీసు బ్యాగు వెనక్కి వాలి పడుకుంది. దాన్ని కింద పెట్టి కూర్చున్నాను.

"ఇచ్చేశావా లేఖ?" అన్నారు, తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఇవ్వలేదు. ఇవ్వను కూడా. నా చెవులు బాగున్నాయి. డాక్టరు రాసిచ్చింది." కాగితం ఆయన ఒళ్ళో పెట్టాను.

మా వాడు సినిమా ఆపేశాడు. అత్తయ్యే ముందు తేరుకున్నారు. "మరి నేను పిలిస్తే పలకవేమ్మా?"

"పొయ్యి దగ్గర ఆ మోతలో ఎవరికీ వినపడదత్తయ్యా. రేపు మీరు నిలబడండి, మీ అబ్బాయిని పిలవమందాం."

మా ఆయన కాగితం చదివారు. తిప్పి వెనక చూశారు, మళ్ళీ చదివారు. నా చెవులు బాగున్నాయంటే సంతోషిస్తారేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాను, పిచ్చి ముఖాన్ని. ఆయన ముఖం దొంగని పట్టుకున్నట్టు అయింది.

"అంటే ఇన్నేళ్ళూ వినపడి కూడా పలకలేదన్నమాట!"

కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. హాయిగా వెనక్కి వాలాను. మెత్తగా ఉంది కుర్చీ.

"లేదండీ. అది రేపట్నుంచి."